లైబ్రరీ పీరియడ్ తీసేస్తామంటున్నారు: శనివారం సమావేశంలో ఏం చెప్పాలి?

వేళచ్చేరి సుమతి (చెన్నై), జూన్ 18, రాత్రి 9:35

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడ చెన్నైలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వచ్చే శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వారానికి ఒక్కటే ఉన్న లైబ్రరీ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేసి, లైబ్రేరియన్ ఉద్యోగాన్ని కూడా ఎత్తేయాలని యాజమాన్యం ఆలోచిస్తోందట. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడానికి ఆఫీసు గుమాస్తా చాలునంటున్నారు. ఆ రోజు లేచి మాట్లాడాలని ఉంది. కానీ ఆవిడ పిల్లలకు చేస్తున్నది ఏమిటో నాలుగు మాటల్లో చెప్పడం నాకు చేతకావడం లేదు. జరిగింది చెబుతాను, మీరు సాయం చేయండి.

కిందటి ఏడాది వాడికి 2015 డిసెంబరు వరదల మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఆ వరదలప్పుడు వాడు చంటిబిడ్డ. వాళ్ల నాన్న నడుము లోతు నీళ్లలో భుజాన ఎక్కించుకుని దాటించారు. వాడు ఇంటర్నెట్‌లో చూసి, ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఉన్న మొసళ్ల బ్యాంకు (మొసళ్లను పెంచి కాపాడే కేంద్రం) నుంచి మొసళ్లు తప్పించుకుని నీళ్లలోకి వచ్చాయని ఒక పేరా రాశాడు. అప్పట్లో నేనూ నమ్మిన మాటే అది. నా ఫోనుకే ముగ్గురు నలుగురు పంపారు.

లైబ్రేరియన్ గారు ఆ పేరా కొట్టేయలేదు. పక్కన పెన్సిలుతో "ఇది మొదట ఎవరు చెప్పారు?" అని రాసి ఇచ్చేశారు. రెండు రోజులు వెతికాడు. ఎక్కడ చూసినా "అంటున్నారు", "తెలుస్తోంది" తప్ప చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి, మొసళ్లేవీ తప్పించుకోలేదని ఆ బ్యాంకు వారే ఆ రోజుల్లో ఇచ్చిన వివరణ దొరికింది. పేరా తీసేయలేదు వాడు. "వరదతో పాటు వచ్చిన పుకార్లు" అని పేరు మార్చి తిరగరాశాడు.

అసలు నాకు మనసులో నిలిచిపోయింది మరొకటి. ఆవిడ తన ఇంట్లో దాచుకున్న ఆ నెల 'ది హిందూ' పత్రికల కట్ట తెచ్చి ఇచ్చారు. 1వ తేదీది ఉంది, 2వ తేదీది లేదు, ఆ తర్వాతివి ఉన్నాయి. కట్టలోంచి జారిపోయిందేమో అనుకున్నాడు. "పోలేదు, ఎందుకు లేదో కనుక్కో" అన్నారట. ఆ రోజు నీళ్ల వల్ల సిబ్బంది అచ్చు కార్యాలయానికి చేరలేక చెన్నైలో పత్రిక అచ్చు కాలేదు. 1878లో మొదలైన పత్రికకు అలా జరగడం అదే మొదటిసారి. అది తెలిసిన రాత్రి వాడు వంటింట్లోకి పరుగున వచ్చి చెప్పిన తీరు నేను మరిచిపోలేను. "అమ్మా, పేపరు లేకపోవడమే వార్త!"

ఇది గుమాస్తా చేసే పనేనా?

జయనగర్ రాఘవ (బెంగళూరు), జూన్ 18, రాత్రి 10:12

సుమతి గారూ, మీ అబ్బాయి అదృష్టవంతుడు. కానీ నా సందేహం నేను మనస్ఫూర్తిగానే అడుగుతున్నాను. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మా అమ్మాయి ఏడో తరగతి. ఆమెకు ఏ అనుమానం వచ్చినా ఫోనులో కృత్రిమ మేధను అడుగుతుంది. ఓపికగా, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెబుతుంది అది. మా అమ్మాయి బడిలో లైబ్రరీ అంటే తాళం వేసిన గాజు అలమారలు. పిల్లలు ముట్టుకుంటే పుస్తకాలు చిరుగుతాయని భయం. ఆ పీరియడ్‌లో పిల్లలు మిగిలిన హోంవర్కు రాసుకుంటారు. అలాంటిది లెక్కలకు ఇస్తే నష్టం ఏమిటని ఒక తండ్రి అడిగితే ఏం చెబుతారు? మీ సమావేశంలోనూ ఈ ప్రశ్న తప్పక వస్తుంది.

మూడో బెంచి (చెన్నై), జూన్ 18, రాత్రి 10:40

తాళం వేసిన అలమార లైబ్రరీ కాదు రాఘవ గారూ. అది సామాన్ల గది.

బడి లైబ్రేరియన్ (చెన్నై), జూన్ 19, ఉదయం 6:20

సుమతి గారూ, నేను ఇక్కడే మరో బడిలో పందొమ్మిదేళ్లుగా లైబ్రేరియన్‌ను. రాత్రి మీ ప్రశ్న చదివి నిద్రపట్టలేదు. బడికి వెళ్లే ముందు రాసేస్తున్నాను.

మేము నేర్పేది పుస్తకాలు చదవడం ఒక్కటే కాదు. తనకు ఏం తెలియదో గుర్తించడం, దాన్ని ప్రశ్నగా మార్చడం, జవాబు ఎక్కడ ఉండవచ్చో ఊహించడం, దొరికినదాన్ని అనుమానించడం, చివరికి తన మాటల్లో చెబుతూ ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో ఒప్పుకోవడం. ఇవన్నీ ఒక్క పీరియడ్‌లో రావు. మూడు నాలుగేళ్లు పడుతుంది. మాటలతో చెబితే గాలిలో కలిసిపోతుంది కాబట్టి నేను చేయించే ఒక పని చెబుతాను.

ఆరో తరగతి పిల్లలు రాగానే బల్ల మీద రెండు అట్లాసులు పెడతాను. ఒకటి 2014 జూన్‌కు ముందు అచ్చయింది, ఒకటి తర్వాతది. "హైదరాబాదు ఏ రాష్ట్రంలో ఉంది?" అని అడుగుతాను. ఒక బల్ల ఆంధ్రప్రదేశ్ అంటుంది, ఇంకో బల్ల తెలంగాణ అంటుంది. అరుచుకుంటారు. నేను మాట్లాడను. కాసేపటికి ఎవరో ఒకరు లేచి మా పుస్తకం చూపిస్తాం, మీ పుస్తకం చూపించండి అంటారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటారు. ఏది తప్పు? ఏదీ తప్పు కాదు. అప్పుడు అట్ట తిప్పి, మొదటి పేజీ వెనక చిన్న అక్షరాలతో ఉండే ముద్రణ సంవత్సరం చూపిస్తాను. ఆ పేజీని అంతవరకు ఎవరూ చూసి ఉండరు. ఆ రోజు నుంచి ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ఆ పేజీ తిప్పే పిల్లలు నాకు ఏటా పదిమందైనా తయారవుతారు. పదో తరగతిలో వాళ్లే వెబ్‌సైటు తెరిచి "ఇది ఎప్పుడు రాశారు మేడమ్, తేదీ లేదు" అంటారు. పుస్తకంలో నేర్చుకున్నది తెర మీదికి దానంతట అదే వెళుతుంది.

రాఘవ గారి ప్రశ్నకు సాయంత్రం వచ్చి రాస్తాను. అది తేలిక ప్రశ్న కాదు.

పాత మద్రాసువాడు (చెన్నై), జూన్ 19, ఉదయం 11:05

అమ్మా సుమతీ, ఒక్క సంగతి సమావేశంలో తప్పక చెప్పు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది పడింది ఈ ఊళ్లోనే. ఎస్.ఆర్. రంగనాథన్ గారు మొదట లెక్కల మాస్టారు. ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కలు చెబుతూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్‌గా వెళ్లారు. ఆ ఉద్యోగం మొదట ఆయనకు నచ్చలేదు, తిరిగి లెక్కలకే వెళతానన్నారు. లండన్‌లో చదివి, అక్కడి లైబ్రరీలు చూసి వచ్చాక మనసు మారింది. చివరిదాకా ఇక ఆ బాట వదలలేదు. లెక్కల కోసం లైబ్రరీని తీసేస్తామనేవాళ్లకు, లెక్కలు వదిలి లైబ్రరీకి వచ్చిన ఆ మాస్టారి సంగతి తెలియాలి.

ఆయన 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో మొదటిది: పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి. రాఘవ గారి గాజు అలమారకు అప్పుడే జవాబు చెప్పేశారు. రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయాలి. అయిదోది, గ్రంథాలయం పెరిగే ప్రాణి.

లైబ్రేరియన్ అమ్మాయి గారిని ఒకటి అడగాలి. నాలుగో సూత్రం ప్రకారం పాఠకుడికి కావలసింది వెంటనే చేతిలో పెట్టాలి కదా. సుమతి గారి అబ్బాయిని రెండు రోజులు తిప్పడం ఆ సూత్రానికి విరుద్ధం కాదా? ఎద్దేవాగా అడగడం లేదు, యాభై ఏళ్లుగా నా మనసులో ఉన్న ప్రశ్న ఇది.

మల్లేశ్వరం టీచర్ (బెంగళూరు), జూన్ 19, సాయంత్రం 4:50

నేను సోషల్ చెబుతాను. నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకుంటాను. చాలా ఏళ్లు నేను పిల్లలకు "నీటి కాలుష్యం" అని ఒకే అంశం ఇచ్చి, సోమవారానికల్లా నాలుగు పేజీలు తెమ్మనేదాన్ని. నలభై అయిదు మందీ ఒకే నాలుగు పేజీలు తెచ్చేవారు. దించేశారని తిట్టేదాన్ని. దించడానికి తప్ప మరెందుకూ పనికిరాని ప్రశ్న ఇచ్చింది నేనే అని నాకు చెప్పింది మా బడి లైబ్రేరియన్. నొచ్చుకున్నాను. రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

తర్వాత ఇద్దరం కూర్చుని ప్రశ్న మార్చాం. "బెళ్లందూరు చెరువు ఎందుకు మండింది?" ఊళ్లో పిల్లలందరికీ ఆ నురగ తెలుసు, 2017లోనూ 2018లోనూ అక్కడ రేగిన మంటల సంగతి ఇంట్లో విని ఉంటారు. నీరు ఎలా మండుతుంది? ఒక చోట మురుగు నుంచి పుట్టిన మీథేన్ అని ఉంది. ఒక చోట గట్టున ఎండిన గడ్డికి, చెత్తకు ఎవరో నిప్పు పెట్టారని ఉంది. నురగకు సబ్బుపొడులే కారణమని ఇంకోచోట. ఏ మాట ఎవరు చెప్పారు, వాళ్లకు ఎలా తెలుసు, ఆ మాట వల్ల ఎవరి మీద తప్పు పడుతుంది, ఎవరి మీద నుంచి తప్పుకుంటుంది అని పిల్లలు పట్టిక వేశారు. ఆ మూడో గడి మా లైబ్రేరియన్ ఆలోచన. దించేయడానికి ఆ పట్టిక ఏ వెబ్‌సైటులోనూ లేదు.

కాబట్టి సుమతి గారూ, లైబ్రేరియన్‌ను ఉంచండి అని మాత్రమే అడగకండి. సబ్జెక్టు టీచరుతో కలిసి కూర్చునే సమయం కూడా ఇవ్వమనండి. పాఠంతో ముడిపడని లైబ్రరీ పీరియడ్ ఎంత మంచి లైబ్రేరియన్ ఉన్నా నిలవదు.

బడి లైబ్రేరియన్ (చెన్నై), జూన్ 19, రాత్రి 8:30

పెద్దాయన ప్రశ్నకు ముందు. పరిశోధకుడు వస్తే నేను నిమిషంలో పుస్తకం చేతిలో పెడతాను. అతని సమయం ఆదా కావాలి. కానీ పన్నెండేళ్ల పిల్లవాడి సమయం అంటే ఈ మధ్యాహ్నం ఒక్కటేనా? వాడి ముందు అరవై ఏళ్లున్నాయి. ఈ రోజు రెండు గంటలు వెతకడం నేర్చుకుంటే ఆ అరవై ఏళ్లలో ఆదా అయ్యేది ఎంతో! నేను నాలుగో సూత్రాన్ని అలా అర్థం చేసుకున్నాను. అయితే, తిప్పడానికీ ఒంటరిగా వదిలేయడానికీ తేడా ఉంది. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కరోల్ కూల్తౌ, విద్యార్థులు సమాచారం వెతికేటప్పుడు వాళ్ల మనసు ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి గమనించారు. అంశం ఎంచుకున్నప్పుడు ఉత్సాహం ఉంటుంది. చదవడం మొదలుపెట్టాక, ఒక్కోచోట ఒక్కోమాట కనిపించేసరికి ధైర్యం జారిపోతుంది. తనకే అర్థం కావడం లేదనుకుంటారు. చాలామంది దించేసేది సరిగ్గా అక్కడే. నాకూ అదే అనుభవం. సోమరితనం వల్ల దించేసే పిల్లలు తక్కువ, దిక్కుతోచక దించేసేవాళ్లే ఎక్కువ. ఆ ఘడియలో పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని "తికమకగా ఉందా? అయితే దారిలోనే ఉన్నావు" అనే మనిషి కావాలి. నా ఉద్యోగంలో సగం అదే.

ఇక రాఘవ గారూ. కృత్రిమ మేధను నేను పిల్లల చేత దాచిపెట్టించను, బల్ల మీదికే తెప్పిస్తాను. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి పాత మద్రాసు గురించి చదవడానికి అయిదు పుస్తకాల జాబితా అడిగి తెచ్చింది. రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం అన్నీ ఉన్నాయి. "బాగుంది, ఇవి ఎక్కడ దొరుకుతాయో చూద్దాం" అన్నాను. ఎగ్మూరులోని కనెమరా లైబ్రరీకి దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి పంపాలని 1954 నుంచి చట్టం ఉంది. ఆ లైబ్రరీ పుస్తకాల పట్టీలో ఈ అయిదింటినీ వెతికాం. మూడు దొరికాయి. రెండు దొరకలేదు. ప్రచురణకర్తలందరూ పంపరు కాబట్టి అక్కడ లేనంత మాత్రాన పుస్తకమే లేదనకూడదని చెప్పి, ఆ ఇద్దరు రచయితల మిగతా పుస్తకాలు, ఆ ప్రచురణకర్త పేరు వెతికించాను. ఎక్కడా జాడ లేదు. ఆ రెండు పుస్తకాలూ అసలు పుట్టనే లేదు. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "మరి అంత నమ్మకంగా ఎలా చెప్పింది మేడమ్?" అంది.

ఈ ప్రశ్న మీ అమ్మాయి మిమ్మల్ని ఎప్పుడైనా అడిగిందా? అడిగి ఉంటే ఆమెకు నా అవసరం అంతగా లేదు. అడగకపోతే, అడిగే అలవాటు చేయించేవాళ్లు ఒకరు కావాలి.

స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ కలిసి చేసిన పరిశీలన కూడా చెప్పాలి. చరిత్రలో పెద్ద డిగ్రీలున్నవాళ్లు, కళాశాల విద్యార్థులు, వార్తల్లో నిజానిజాలు తేల్చే వృత్తివాళ్లు, ఈ మూడు రకాలవాళ్లకూ ఒకే వెబ్‌సైట్లు చూపించారు. మొదటి రెండు రకాలవాళ్లలో చాలామంది ఆ పేజీలోనే పైకీ కిందికీ చదువుతూ అందమైన చిహ్నం చూసి బోల్తాపడ్డారు. మూడో రకంవాళ్లు ఆ పేజీని వెంటనే వదిలి, పక్కన కొత్త కిటికీలు తెరిచి, ఆ వెబ్‌సైటు నడిపే సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో ముందు చూశారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. ఇది అలవాటు. ఈత లాగా నేర్పితే వస్తుంది.

జయనగర్ రాఘవ (బెంగళూరు), జూన్ 19, రాత్రి 9:55

ఇప్పుడే మా అమ్మాయి దగ్గర కూర్చుని ఆ పుస్తకాల పరీక్ష చేశాను. బెంగళూరు చెరువుల మీద ఆరు పుస్తకాలు చెప్పింది. నాలుగు దొరికాయి. మిగతా రెండూ ఇంకా వెతుకుతున్నాం. పడుకోమంటే పడుకోవడం లేదు. మేడమ్, నా ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను. మా బడిలో ఆ అలమార తాళాల గురించి రేపే ఉత్తరం రాస్తాను.

మూడో బెంచి (చెన్నై), జూన్ 20, మధ్యాహ్నం 1:15

నేను ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాది. తొమ్మిదో తరగతిలో నాకు జరిగింది చెబుతాను. పొట్టి శ్రీరాములు గారి మీద రాయాలి. ఆయన నిరాహార దీక్ష చేసి కన్నుమూసింది మా ఇంటికి దగ్గరే, మైలాపూరులో. మా నాయనమ్మ యాభై ఆరు రోజుల దీక్ష అంది. ఒక వెబ్‌సైటులోనూ యాభై ఆరే ఉంది. ఇంకోదానిలో యాభై ఎనిమిది. నేను లైబ్రేరియన్ మేడమ్ దగ్గరికి వెళ్లి ఏది రైటు అని అడిగాను. మొదలుపెట్టిన రోజు, చనిపోయిన రోజు దొరికాయా అన్నారు. దొరికాయి, 1952 అక్టోబరు 19, డిసెంబరు 15. "అయితే నన్నెందుకు అడుగుతున్నావు, లెక్కపెట్టు" అన్నారు. అక్టోబరులో పదమూడు, నవంబరులో ముప్ఫై, డిసెంబరులో పదిహేను. యాభై ఎనిమిది.

చిన్న విషయమే. కానీ పుస్తకాన్నీ, వెబ్‌సైటునూ, నాయనమ్మనూ కూడా నేనే సరిచూడగలనని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత మేడమ్ ఇంకో మాట అన్నారు. రోజులు తప్పు చెప్పిందని నాయనమ్మను పక్కన పెట్టవద్దు, ఆ డిసెంబరులో వీధి ఎలా ఉందో, ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, వెళ్లి అడుగు అన్నారు. అడిగాను. రెండు నోటుపుస్తకాలు నిండాయి. నాయనమ్మ ఇప్పుడు లేదు, ఆ నోటుపుస్తకాలు ఉన్నాయి.

మల్లేశ్వరం టీచర్ (బెంగళూరు), జూన్ 20, సాయంత్రం 5:30

ఇది చదివి నా తరగతిలో చదివి వినిపించాలనిపించింది. అనుమతి ఇస్తావా అమ్మా?

మూడో బెంచి (చెన్నై), జూన్ 20, సాయంత్రం 5:52

తప్పకుండా టీచర్ గారూ.

పాత మద్రాసువాడు (చెన్నై), జూన్ 20, రాత్రి 7:10

నాలుగో సూత్రానికి ఇచ్చిన జవాబు రెండుసార్లు చదివాను. తృప్తిగా ఉంది. డబ్బు మాట వస్తే సుమతీ, ప్రభుత్వ బడులకు కూడా సమగ్ర శిక్ష పథకం కింద లైబ్రరీ పుస్తకాలకు ఏటా ప్రాథమిక పాఠశాలకు 5,000 నుంచి హయ్యర్ సెకండరీకి 20,000 రూపాయల దాకా గ్రాంటు ఉంది. అది చాలదు, అయినా ఉంది. ఫీజులు వసూలు చేసే బడి లైబ్రరీకి ఎంత కేటాయిస్తోందో అడగడానికి మొహమాటపడకు.

వేళచ్చేరి సుమతి (చెన్నై), జూన్ 22, రాత్రి 8:45

నిన్న సమావేశం అయింది. రాసుకున్న కాగితం చేతిలోనే ఉండిపోయింది. మా అబ్బాయి ప్రాజెక్టు పట్టుకెళ్లి, పెన్సిలు రాత ఉన్న పేజీ తెరిచి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. మల్లేశ్వరం టీచర్ గారు చెప్పినట్టు సోషల్, సైన్సు టీచర్లతో కలిపి ఈ ఏడాది ఒక్కో తరగతికి ఒక్కో ప్రశ్న ఇద్దామని అడిగాను. ఇంకో నలుగురు తల్లులు లేచారు. ఒక తండ్రి మాత్రం పోటీ పరీక్షలకు లెక్కలే ముఖ్యమని గట్టిగా వాదించారు. ఆయన భయం నాకు అర్థమైంది, మాకూ ఆ భయం ఉంది.

ఆరు, ఏడు తరగతులకు పీరియడ్ ఉంచుతామన్నారు. ఎనిమిదికి తీసేశారు. లైబ్రేరియన్ ఉద్యోగం సంగతి దసరా సెలవుల తర్వాత తేలుస్తామన్నారు. అంటే మా వాడికి ఇక పీరియడ్ లేదు. భోజనం గంటలో వెళతానంటున్నాడు. ఆవిడ రమ్మన్నారట. దసరా దాకా మేము ఊరుకోం, ప్రతి నెలా అడుగుతూనే ఉంటాం.

బడి లైబ్రేరియన్ (చెన్నై), జూన్ 22, రాత్రి 9:20

భోజనం గంటలో వచ్చే పిల్లవాడిని ఏ టైంటేబులూ ఆపలేదు సుమతి గారూ. మీ లైబ్రేరియన్ గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడకు అభ్యంతరం లేకపోతే నా అట్లాసు పాఠం వివరాలన్నీ పంపుతాను, ఇద్దరం కలిసి చేసుకోవచ్చు. అందరికీ ఒక విన్నపం. ఇళ్లలో పాత అట్లాసులు ఉంటే తూకానికి వేయకండి. నా దగ్గరున్న 2014కు ముందుది అట్ట ఊడిపోయింది, నలభై మంది చేతుల్లో నలిగి పేజీలు రాలుతున్నాయి.

పాత మద్రాసువాడు (చెన్నై), జూన్ 22, రాత్రి 9:48

నా దగ్గర ఒకటి ఉంది. మా నాన్నగారు బడిలో ఉన్న నాకు కొనిచ్చారు. 1969కి ముందుది కాబట్టి అందులో తమిళనాడు లేదు, మద్రాసు రాష్ట్రం ఉంది. కర్ణాటక లేదు, మైసూరు ఉంది. మీ రెండు అట్లాసుల పక్కన మూడోది పెట్టండి. ఆదివారం సాయంత్రం ఎక్కడికి తీసుకురమ్మంటారో చెప్పండి.